బరువు తగ్గే సర్జరీ తర్వాత నీరసమా..? గ్లూకోజ్ బాటిల్ పెట్టించుకునే ముందు ఇది చదవండి!

సర్జరీ అయిపోయింది. కాటా మీద అంకె వారం వారం కిందికి దిగుతోంది. పాత బట్టలన్నీ వదులైపోతున్నాయి. చూసినవాళ్లంతా "భలే తగ్గిపోయావే" అంటున్నారు. కానీ ఒక అంతస్తు మెట్లెక్కితే కాళ్లు పీకేస్తున్నాయి.. మధ్యాహ్నమయ్యేసరికి కళ్లు మూతలు పడుతున్నాయి.. పక్కింటావిడ పలకరించినా రెండు మాటలు మాట్లాడే ఓపిక ఉండటం లేదు. బేరియాట్రిక్ సర్జరీ చేయించుకున్న చాలామంది చెప్పే మాట ఇదే.

ఇలాంటప్పుడు మన ఇళ్లల్లో ఠక్కున వచ్చే సలహా ఒకటుంది. "వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గరికెళ్లి ఒక గ్లూకోజ్ బాటిల్ పెట్టించుకో.. పొద్దున్నకల్లా లేచి తిరుగుతావు" అని. మామూలు మనిషికి ఆ సీసా వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు, పోయేదీ లేదు. కానీ పొట్టకు ఆపరేషన్ అయి, రోజుల తరబడి వాంతులవుతున్న మనిషికి అదే సీసా మెదడును దెబ్బతీసే పరిస్థితి తేవచ్చు. అదెలాగో కింద వివరంగా ఉంది.

ముందుగా ఒక విషయం. నీరసం అన్న పేరు ఒక్కటే అయినా కారణాలు చాలా ఉన్నాయి. సర్జరీ అయి ఎన్నాళ్లైంది? నీరసం ఏ టైమ్‌లో వస్తోంది? ఈ రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే కారణం సగం దొరికినట్లే.

అసలు పొట్టలో ఏం మారింది?

మన దగ్గర ఎక్కువగా జరిగేవి స్లీవ్, బైపాస్ సర్జరీలు. స్లీవ్‌లో జీర్ణాశయాన్ని నిలువునా కోసి దాదాపు 75 నుంచి 80 శాతం తీసేస్తారు. మిగిలేది అరటిపండు ఆకారంలో ఉండే సన్నటి గొట్టం. బైపాస్‌లో పైన చిన్న సంచి మాత్రం ఉంచి, దాన్ని నేరుగా చిన్నపేగు మధ్య భాగానికి కలుపుతారు. తిన్న తిండి పేగు మొదటి భాగాన్ని తాకకుండానే ముందుకెళ్లిపోతుంది. మినీ బైపాస్ అన్నా సూత్రం అదే.

దీనివల్ల తినేది తగ్గుతుంది. బైపాస్ అయినవాళ్లలో తిన్నదాంట్లో ఒంటికి పట్టేదీ తగ్గుతుంది. ఐరన్‌ను ఎక్కువగా పీల్చుకునేది పేగు మొదటి భాగమే. బీ12 విటమిన్ ఒంటికి పట్టాలంటే జీర్ణాశయం గోడల్లో తయారయ్యే ఒక ప్రొటీన్ తోడు కావాలి. ఆ గోడలో పెద్ద భాగం తీసేశారు.. లేదా తిండి దారిలో లేకుండా పక్కకు పెట్టేశారు. అంటే బరువు తగ్గించిన ఏర్పాటే ఓపికనూ తగ్గించగలదు. సర్జరీ ఫెయిలైందని దీనర్థం కాదు. లోటును బయటి నుంచి పూడ్చాలి.. అదీ జీవితాంతం.

మొదటి నెల నీరసం.. కంగారు పడక్కర్లేదు, కానీ నీళ్లు మరవద్దు

సర్జరీ అయిన తొలి వారాల్లో నీరసం రావడం సహజమే. ఒంటికి ఆపరేషన్ గాయం మానాలి. మరోవైపు రోజంతా తాగే సూపులు, పాలు, మజ్జిగ అన్నీ కలిపినా చాలామందికి వెయ్యి క్యాలరీలు కూడా దాటవు. ఒళ్లు దాచుకున్న కొవ్వును కరిగించుకుని వాడుకోవడం అప్పుడప్పుడే మొదలుపెడుతుంది. ఆ మార్పు కుదురుకునేదాకా తల దిమ్ముగా, ఒళ్లు బరువుగా అనిపిస్తుంది. ఎక్కువ మందిలో ఇది వారాల్లోనే తగ్గుముఖం పడుతుంది.

ఈ దశలో అసలు శత్రువు డీహైడ్రేషన్. సర్జరీ తర్వాత మళ్లీ ఆస్పత్రికి పరుగెత్తాల్సి రావడానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి. ఒకప్పుడు గ్లాసుడు నీళ్లు గటగటా తాగిన మనిషి ఇప్పుడు నాలుగు గుక్కలు తాగితే గుండె కింద పట్టేసినట్లు అవుతుంది. దాంతో తాగడమే మానేస్తారు. మూత్రం ముదురు పసుపు రంగులోకి మారిందా.. నోరు పిడచకట్టుకుపోతోందా.. లేచి నిలబడగానే కళ్లు తిరుగుతున్నాయా.. అయితే మీ నీరసానికి మందు నీళ్లే.

రోజుకు కనీసం లీటరున్నర ద్రవాలు లోపలికి వెళ్లాలన్నది డాక్టర్లు చెప్పే లెక్క. పల్చటి మజ్జిగ, పప్పుకట్టు, చారు నీళ్లు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. ఒక చిన్న సీసా ఎప్పుడూ పక్కనే పెట్టుకుని ఐదు పది నిమిషాలకో గుక్క వేస్తూ పోవాలి. ఫోన్‌లో అలారం పెట్టుకున్నా తప్పులేదు. భోజనంతో పాటు మాత్రం తాగవద్దు. తిన్న అరగంట తర్వాతే మళ్లీ మొదలుపెట్టాలి. లేదంటే ఉన్న కాస్త చోటూ నీళ్లకే పోతుంది. పండ్ల రసాలు, కూల్‌డ్రింకులు, గ్లూకోజ్ పొడి కలిపిన నీళ్లు "ఓపిక వస్తుంది" అని తాగిస్తుంటారు. అవి వద్దు. ఎందుకు వద్దో తర్వాత చూద్దాం.

వాంతులు ఆగట్లేదా? ఇక్కడే అసలు ప్రమాదం

స్లీవ్ అయినా బైపాస్ అయినా మొదటి రెండు మూడు నెలల్లో కొందరికి వాంతులు పట్టుకుంటాయి. ముద్ద సరిగా నమలకపోవడం, తొందరగా తినేయడం మామూలు కారణాలు. ఒక్కోసారి కుట్టు వేసిన చోట దారి సన్నబడి, తిన్నది దిగకపోవడం కూడా జరుగుతుంది. కారణం ఏదైనా.. వాంతులు రోజుల తరబడి సాగితే ఒంట్లో ముందుగా అడుగంటేది థయమిన్. అంటే బీ1 విటమిన్.

బీ12 లాంటి విటమిన్లు కాలేయంలో ఏళ్లకు సరిపడా నిల్వ ఉంటాయి. థయమిన్ అలా కాదు. రెండు మూడు వారాలు లోపలికి రాకపోతే నిల్వ ఖాళీ. తిన్న పిండి పదార్థాన్ని శక్తిగా మార్చే పనిలో థయమిన్ లేనిదే బండి కదలదు. మెదడు నడిచేది ప్రధానంగా గ్లూకోజ్ మీదే కాబట్టి దెబ్బ ముందు దానికే తగులుతుంది.

తెలుగువాళ్లకు ఈ లోపం కొత్తేమీ కాదు. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి జబ్బు బాగా ఉండేది. బాగా పాలిష్ పట్టిన తెల్ల బియ్యమే తిండి కావడం దానికి ప్రధాన కారణం. తవుడుతో పాటు థయమిన్ కూడా పోయేది. తిండి మారాక ఆ జబ్బు పేరే మనవాళ్లు మర్చిపోయారు. ఇప్పుడు అదే లోపం ఇలా ఇంకో దారిలో కనిపిస్తోంది.

ఇప్పుడు గ్లూకోజ్ బాటిల్ సంగతి. మూడు వారాలుగా వాంతులవుతున్న మనిషి ఉన్నారనుకుందాం. థయమిన్ దాదాపు అయిపోయింది. ఒళ్లంతా నీరసం. ఇంట్లోవాళ్లు తీసుకెళ్లి డెక్స్‌ట్రోజ్ సెలైన్ ఎక్కించారు. రక్తంలోకి ఒక్కసారిగా గ్లూకోజ్ వచ్చి పడింది. దాన్ని ఖర్చు చేయడానికి ఒంట్లో మిగిలిన ఆ కాస్త థయమిన్ కూడా ఖర్చయిపోతుంది. మెదడుకు ఇక ఏమీ మిగలదు. వెర్నికే ఎన్‌సెఫలోపతి అనే ఎమర్జెన్సీ ఇలా ముంచుకురావచ్చు. అప్పటికే మొదలై ఉంటే ముదిరిపోవచ్చు.

దాని గుర్తులు ఇలా ఉంటాయి. వస్తువులు రెండు రెండుగా కనిపిస్తాయి, కళ్లు అదేపనిగా అదురుతుంటాయి. నడుస్తుంటే తాగినవాళ్లలా తూలిపోతారు. మాట పొంతన తప్పుతుంది, ఏ రోజో ఏ ఊరో గుర్తుండదు. కొందరిలో పాదాల మంటలు, తిమ్మిర్లు ముందు వస్తాయి. అన్నీ ఒకేసారి ఒకే మనిషిలో కనిపించాలని లేదు. ఒక్కటి కనిపించినా ఆగకూడదు. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతినే ప్రమాదం ఉంది. సకాలంలో గుర్తిస్తే మాత్రం వైద్యం చాలా సింపుల్. థయమిన్‌ను పెద్ద డోసులో నేరుగా నరంలోకి ఎక్కిస్తారు. గ్లూకోజ్ ఇవ్వాల్సి వస్తే దానికంటే ముందు, కుదరకపోతే దాంతో పాటే థయమిన్ వెళ్లాలి. షుగర్ బాగా పడిపోయి స్పృహ తప్పుతున్న మనిషికి గ్లూకోజ్ ఆపమని కాదు.. థయమిన్ తోడు లేకుండా వద్దని.

కాబట్టి రెండు మూడు రోజులుగా ఏం తిన్నా, ఏం తాగినా నిలవట్లేదంటే వీధి క్లినిక్ కాదు, నేరుగా సర్జరీ చేసిన ఆస్పత్రికే ఫోన్ చేయాలి. వాంతులు తగ్గాకే విటమిన్ మాత్రలు వేసుకుందాంలే అని మానేయడం ఇంకో పొరపాటు. మాత్ర నిలవకపోతే ఇంజెక్షన్ ఇస్తారు. మద్యం అలవాటున్నవాళ్లకు ఈ ముప్పు మరింత ఎక్కువ. సర్జరీ తర్వాత మందు త్వరగా ఎక్కుతుంది, ఉన్న థయమిన్‌నూ పోగొడుతుంది.

షుగర్, బీపీ మాత్రలు పాత డోసులోనే వేసుకుంటున్నారా?

చాలామంది పట్టించుకోని కారణం ఇది. వంద కిలోలు దాటిన మనిషికి రాసిన మందులు ఎనభై కిలోల మనిషికి ఎక్కువైపోతాయి. షుగర్ ఉన్నవాళ్లకైతే సర్జరీ అయిన కొద్ది రోజుల్లోనే, బరువు పెద్దగా తగ్గకముందే షుగర్ దిగిపోవడం మొదలవుతుంది. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ పాత లెక్కలోనే తీసుకుంటే షుగర్ మరీ పడిపోయి చెమటలు, వణుకు, నిస్సత్తువ వస్తాయి. డాపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలతో ఇంకో చిక్కుంది. తిండి బాగా తగ్గినప్పుడు ఇవి వాడితే మీటర్‌లో షుగర్ పెద్దగా పెరగకుండానే రక్తంలో ఆమ్లాలు పెరిగే ముప్పు ఉంటుంది.

బీపీ మాత్రలదీ ఇదే కథ. లేచి నిలబడితే కళ్లు బైర్లు కమ్ముతున్నాయంటే ఓసారి బీపీ చూసుకోవాలి. ముఖ్యంగా "నీటి మాత్ర" వాడేవాళ్లలో డీహైడ్రేషన్ తోడైతే ఒళ్లు పూర్తిగా సోలిపోతుంది. అలాగని మీరే డోసు తగ్గించేయవద్దు. వారం రోజుల బీపీ, షుగర్ రీడింగులు ఒక కాగితం మీద రాసి డాక్టర్‌కు చూపిస్తే చాలు.

మూడు నెలలు దాటినా ఓపిక రావట్లేదా? పళ్లెంలోకి చూడండి

ఇప్పుడు ఘనాహారం తింటున్నారు. బరువు జోరుగా తగ్గుతోంది. తగ్గుతున్నది కొవ్వు ఒక్కటే కాదు, కండ కూడా. తగినంత ప్రొటీన్ అందకపోతే ఒళ్లు తన కండనే కరిగించి వాడుకుంటుంది. కుర్చీలోంచి లేవాలంటే చేతులు ఊనాల్సి రావడం, బిందె ఎత్తలేకపోవడం, జుట్టు ఊడటం.. ఇవన్నీ ప్రొటీన్ చాలట్లేదేమోనని అనుమానించాల్సిన గుర్తులు. అయితే మూడు నాలుగు నెలలప్పుడు కొంత జుట్టు రాలడం ఎవరికైనా ఉంటుంది, అది తిరిగి వస్తుంది.

సర్జరీ తర్వాత రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ అవసరం. మన భోజనం అలవాటు దీనికి కాస్త అడ్డం. అన్నంలో పప్పుతో మొదలై, అన్నంలో కూర, అన్నంలో చారు, చివరికి పెరుగన్నంతో ముగుస్తుంది. నాలుగు ముద్దలకే నిండిపోయే పొట్టలో ఆ నాలుగూ అన్నం ముద్దలే అయితే ప్రొటీన్‌కు చోటెక్కడుంది? అందుకే వరుస తిరగేయాలి. ముందు గుడ్డో చేపో చికెనో పనీరో. తర్వాత కూర. చోటు మిగిలితేనే అన్నం. పెద్దవాళ్లకు ఇది వింతగా ఉంటుంది.. "అన్నం తినకపోతే ఓపికెలా వస్తుందే" అంటారు. వాళ్ల బాధా అర్థం చేసుకోదగ్గదే!

లెక్క ఇలా వేసుకోవచ్చు. ఒక గుడ్డులో 6 గ్రాములు. గ్లాసు పాలలో 6 నుంచి 7. వంద గ్రాముల చేప లేదా చికెన్‌లో 20కి పైనే. వంద గ్రాముల పనీర్‌లో 18 దాకా. గట్టి పప్పు ఒక కప్పుకు 7 గ్రాముల వరకు. 30 గ్రాముల ఎండు మీల్ మేకర్ నానబెట్టి వండితే 15 దాకా వస్తుంది. శాకాహారులకు ఇది, పనీర్, పెరుగు, పుట్నాల పప్పు పొడి బాగా పనికొస్తాయి. అయినా లెక్క తేలకపోతే డైటీషియన్ చెప్పిన ప్రొటీన్ పౌడర్ కలుపుకోవాల్సిందే.

రాగి జావ సంగతి విడిగా చెప్పుకోవాలి. నీరసం అనగానే ఇంట్లో పెట్టేది అదే. రాగుల్లో క్యాల్షియం బోలెడు, అందులో సందేహం లేదు. కానీ ప్రొటీన్ తక్కువ. గ్లాసుడు జావలో పడేది మహా అయితే రెండు మూడు చెంచాల పిండి. పొట్ట నిండుతుంది, కండకు మాత్రం అందేది స్వల్పమే. మజ్జిగతో చేసుకుని ఎప్పుడన్నా తాగండి, దాన్నే భోజనం చేసుకోవద్దు.

కండ నిలవాలంటే తిండితో పాటు దానికి పని కూడా ఉండాలి. నడక మంచిదే, కానీ నడక ఒక్కటే సరిపోదు. సర్జన్ బరువులెత్తొచ్చని చెప్పాక.. కుర్చీలో కూర్చుని చేతులు ఊనకుండా లేవడం పదిసార్లు, గోడకు చేతులానించి పుషప్స్ పదిసార్లు, లీటరు నీళ్ల సీసాలు చేతపట్టి ఎత్తడం.. వారానికి రెండు మూడు రోజులు ఇవి చేస్తే తేడా తెలుస్తుంది. ఓపిక వచ్చాక చేద్దాం అనుకుంటే ఓపిక రాదు. కానీ రక్తం తక్కువై మెట్లెక్కితేనే ఆయాసపడేవాళ్లు మాత్రం ముందు టెస్టు చేయించుకోవాలి.

ఆరు నెలలు.. ఏడాది.. రెండేళ్లు: రక్తం మాట్లాడుతుంది

అంతా బాగుందనుకుని విటమిన్ మాత్రలు మానేసేది సరిగ్గా ఈ దశలోనే. మొదట్లో భయంతో వేసుకుంటారు. బరువు తగ్గి, అందరూ మెచ్చుకుంటుంటే "ఇంకా మాత్రలెందుకు" అనిపిస్తుంది. నెలకు ఇంత ఖర్చు అని కూడా అనిపిస్తుంది. మానేసిన మర్నాడే ఏమీ కాదు. అదే మోసం. ఐరన్ నెలల్లో తగ్గుతుంది, బీ12 ఏళ్లు పట్టి తగ్గుతుంది. మాత్రలు మానేసిన సంగతి మర్చిపోయాక నీరసం వస్తుంది. దాంతో రెండింటికీ లింకు ఎవరికీ తట్టదు.

మన రాష్ట్రాల్లో ఆడవాళ్లకు ఇది మరీ ముఖ్యం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో ఏపీలో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అదే సర్వేలో అధిక బరువు, ఊబకాయం ఉన్న మహిళలు ఏపీలో 36 శాతం, తెలంగాణలో 30 శాతం. అంటే సర్జరీ బల్ల ఎక్కేనాటికే చాలామంది రక్తం తక్కువతో ఉంటారు. ఆ తర్వాత ఐరన్ పట్టే దారి కూడా తగ్గి, నెలనెలా పీరియడ్స్‌లో పోయేది పోతూనే ఉంటే.. నీరసం రాకుండా ఎలా ఉంటుంది?

హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి "పర్వాలేదు" అనుకోవడానికి లేదు. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది ఫెరిటిన్ పరీక్ష. హిమోగ్లోబిన్ పడిపోకముందే ఫెరిటిన్ పడిపోతుంది. అప్పటికే అలసట, గుండెదడ మొదలవుతాయి. కొందరికి ఐస్ ముక్కలు నమలాలని, సుద్ద, బియ్యం తినాలని కోరిక పుడుతుంది. ఈ చివరిది నవ్వులాటగా తీసుకుంటారు కానీ ఐరన్ లోపానికి అదో పాత గుర్తు.

బీ12 లోపమైతే నీరసంతో పాటు కాళ్లూ చేతుల్లో తిమ్మిర్లు, నాలుక మంట, మతిమరుపు వస్తాయి. శాకాహారులకు, ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకు, గ్యాస్ మాత్ర ఆపకుండా వేసుకునేవాళ్లకు ముప్పు ఎక్కువ. మెడికల్ షాపులో అడిగి ఏదో బీ కాంప్లెక్స్ కొనుక్కుంటే సరిపోదా అంటే.. సరిపోదు. అందులో ఐరన్ ఉండకపోవచ్చు, బీ12 చాలకపోవచ్చు. ఇంకో తిరకాసు కూడా ఉంది. ఫోలిక్ యాసిడ్ ఒక్కటే బాగా వేసుకుంటే రక్తం రిపోర్టు మెరుగ్గా కనిపిస్తుంది, లోపల బీ12 లేక నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. చాక్లెట్‌లా చప్పరించే విటమిన్ గమ్మీల్లో చాలావాటిలో ఐరనే ఉండదు.

సర్జరీ అయినవాళ్లకు అంతర్జాతీయంగా సూచించే మోతాదులు మామూలువాళ్ల కంటే ఎక్కువ. పీరియడ్స్ వచ్చే ఆడవాళ్లకు, స్లీవ్ లేదా బైపాస్ అయినవాళ్లకు ఐరన్ రోజుకు 45 నుంచి 60 మిల్లీగ్రాములు. బీ12 మాత్ర రూపంలో రోజుకు 350 నుంచి 1000 మైక్రోగ్రాములు, లేదంటే నెలకో ఇంజెక్షన్. థయమిన్ కనీసం 12 మిల్లీగ్రాములు, 50 అయితే మంచిది. క్యాల్షియం 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు, అదీ ఒకేసారి కాదు, రెండు మూడు విడతలుగా. డి విటమిన్ రోజుకు 3000 యూనిట్లు, రక్తంలో స్థాయి చూసుకుంటూ. మీ చీటీలో రాసినవి వేరుగా ఉంటే మీ రిపోర్టుల్ని బట్టి రాశారని అర్థం. చీటీయే పాటించండి.

మాత్రలన్నీ గుప్పిట్లో పోసుకుని టీతో మింగేసేవాళ్లున్నారు. అలా వేసుకుంటే కొన్నది కొన్నట్లే పోతుంది. క్యాల్షియం, ఐరన్ ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి.. రెండింటి మధ్య కనీసం రెండు గంటలు ఉండాలి. టీ, కాఫీ ఐరన్‌ను పట్టనివ్వవు. థైరాయిడ్ మాత్రకూ ఐరన్, క్యాల్షియంకూ మధ్య నాలుగు గంటలు కావాలి. ఒక రోజు ఇలా సర్దుకోవచ్చు.. పొద్దున్న ఆరింటికి పరగడుపున థైరాయిడ్ మాత్ర. ఏడు తర్వాత కాఫీ, టిఫిన్. పదకొండింటికి చక్కెర లేని నిమ్మరసం నీళ్లతో ఐరన్. రెండింటికి, రాత్రి ఎనిమిదింటికి క్యాల్షియం. మల్టీ విటమిన్‌లో ఐరన్ ఉంటే దాన్నీ ఐరన్ టైమ్‌లోనే వేసుకోవాలి.

మాత్రలతో ఫెరిటిన్ పెరగకపోతే ఐరన్‌ను నరం ద్వారా ఎక్కిస్తారు. ఇదీ చూడ్డానికి సెలైన్ బాటిల్ లాంటిదే.. కానీ రిపోర్టు చూసి, లెక్కగట్టి, ఆస్పత్రిలో పెట్టేది. మలం నల్లగా తారులా వస్తుంటే మాత్రం కథ వేరు. ఐరన్ మాత్రతోనూ మలం నల్లబడుతుంది కానీ.. కడుపునొప్పి, కళ్లు తిరగడం ఉంటే లోపల అల్సర్ నుంచి రక్తం పోతుండొచ్చు. బైపాస్ అయినవాళ్లు ఒళ్లు నొప్పులకు పెయిన్‌కిల్లర్లు ఇష్టం వచ్చినట్లు మింగకూడదనేది ఇందుకే.

తిన్నాక గంటకో రెండు గంటలకో సోలిపోతున్నారా?

ఈ నీరసానికి టైమ్ టేబుల్ ఉంటుంది. పాయసమో, పండ్ల రసమో, రెండు ఇడ్లీలు తీపి చట్నీతోనో తిన్న పావుగంట, అరగంటలో గుండెదడ, చెమట, కడుపులో మెలిపెట్టడం, విరేచనం, ఆ తర్వాత పడుకుండిపోవాలనిపించడం.. దీన్ని డంపింగ్ అంటారు. తీపి పదార్థం ఒక్కసారిగా పేగులోకి దూకడం వల్ల వచ్చేది.

ఇంకో రకం తిన్న గంట నుంచి మూడు గంటల మధ్య వస్తుంది. ఎక్కువగా సర్జరీ అయి ఏడాది దాటినవాళ్లలో కనిపిస్తుంది. పిండి పదార్థం వేగంగా రక్తంలోకి చేరడంతో ఇన్సులిన్ అవసరానికి మించి ఊరి, షుగర్ ఉన్నట్టుండి పడిపోతుంది. చేతులు వణుకుతాయి, చూపు మసకబారుతుంది, మాట తడబడుతుంది. అప్పుడు గ్లూకోమీటర్‌తో చూస్తే 70 కంటే తక్కువ ఉండొచ్చు. ఆ క్షణానికి మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, తేరుకున్నాక గుడ్డో పనీరో లాంటి ప్రొటీన్ తినాలి. కానీ నీరసం వచ్చినప్పుడల్లా తీపి తింటూ పోతే.. మళ్లీ పైకి, మళ్లీ కిందికి. రోజంతా అదే ఉయ్యాల. పండ్ల రసాలు, గ్లూకోజ్ నీళ్లు వద్దన్నది ఇందుకే. ఇలా పదే పదే జరుగుతుంటే, ముఖ్యంగా డ్రైవింగ్ చేసేవాళ్లు, డాక్టర్‌ను కలవకుండా ఉండకూడదు. దీనికి మందులున్నాయి.

ఉపవాసాల సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. ఏకాదశి, రంజాన్ రోజా, అయ్యప్ప మాలలో ఒంటిపూట భోజనం.. సర్జరీ అయినవాళ్లు, అందునా మొదటి ఏడాదిలో, సర్జన్‌ను అడగకుండా మొదలుపెట్టవద్దు. ఒంటిపూటలో 60 గ్రాముల ప్రొటీన్ ఈ పొట్టలో పట్టదు.

రక్తం రిపోర్టులన్నీ బాగానే ఉన్నాయా?

అప్పుడు నిద్ర వైపు చూడాలి. స్లీప్ ఆప్నియా ఉన్నవాళ్లు గురక తగ్గింది కదా అని సీప్యాప్ మెషిన్ పక్కన పెట్టేస్తుంటారు. ముందు మళ్లీ నిద్ర పరీక్ష చేయించుకోవాలి. థైరాయిడ్ కూడా చూపించుకోవాలి, బరువు మారితే డోసు మారొచ్చు. పెళ్లైన ఆడవాళ్లు ఇంకోటి గమనించాలి. బరువు తగ్గాక గర్భం నిలిచే అవకాశం పెరుగుతుంది. ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా గర్భం వద్దని డాక్టర్లు చెబుతారు కాబట్టి, నెల తప్పి నీరసంగా ఉంటే మొదట ఆ టెస్టు చేసుకోవాలి.

డిప్రెషన్ కూడా నీరసంలాగే కనిపిస్తుంది. ఇష్టమైన తిండి పోయింది, అద్దంలో కొత్త మనిషి, చుట్టూ కామెంట్లు. పొద్దున్న లేవబుద్ధి కాకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటితే మానసిక వైద్యుల్ని కలవడానికి మొహమాటం అక్కర్లేదు. ఇంట్లోవాళ్లకూ ఓ మాట. "లక్షలు పోసి ఆపరేషన్ చేయించుకుంది, ఇప్పుడు పని చెప్తే నీరసమంటోంది" అనే దెప్పిపొడుపు వినలేక చాలామంది నీరసం గురించి చెప్పడమే మానేస్తారు. చెప్పకపోతే టెస్టులుండవు. టెస్టులు లేకపోతే కారణం దొరకదు.

ఏం పట్టుకెళ్లాలి?

మామూలుగా సర్జరీ తర్వాత మూడు, ఆరు, పన్నెండు నెలలకు, ఆ తర్వాత ఏడాదికోసారి రక్తపరీక్షలు ఉంటాయి. హిమోగ్లోబిన్, ఫెరిటిన్, బీ12, ఫోలేట్, డి విటమిన్, ఆల్బుమిన్, థైరాయిడ్.. ఇవి అడిగి చేయించుకోవాలి. వెళ్లేటప్పుడు వాడుతున్న మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకెళ్లండి. మూడు రోజులు ఏం తిన్నారో, ఎంత తాగారో, నీరసం ఏ టైమ్‌కు వచ్చిందో రాసుకెళ్లండి. డాక్టర్ పని సగం తేలికవుతుంది.

జ్వరంతో పాటు గుండె నిమిషానికి 120 దాటి కొట్టుకోవడం, ఆగని కడుపునొప్పి, ఊపిరాడకపోవడం, ఒక కాలు వాచి నొప్పెట్టడం.. వీటికి అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఎమర్జెన్సీకే వెళ్లాలి.

సర్జరీ అయి మూడేళ్లైనవాళ్లలో కొందరికి తమకు జరిగింది స్లీవో బైపాసో కూడా గుర్తుండదు. డిశ్చార్జ్ సమ్మరీని ఫొటో తీసి మీ ఫోన్‌లో, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో పెట్టుకోండి. ఊరెళ్లినప్పుడు వాంతులు పట్టుకుని ఏదో కొత్త ఆస్పత్రిలో చేరాల్సి వస్తే, సెలైన్ గుచ్చకముందే ఆ ఫొటో చూపించి పక్కనున్నవాళ్లు అడగాల్సిన మాట ఒకటే.. "సార్, వీళ్లకు బేరియాట్రిక్ సర్జరీ అయింది, ఇన్ని రోజులుగా వాంతులు.. ముందు థయమిన్ ఇస్తారా?"